ఇంటి సంగతులు: గీజరు గుడగుడమంటుంటే



క్రిస్మసు నెల వచ్చిందంటే మా ఆదోనిలో తెల్లవారుజామున చలి బాగానే ఉంటుంది. ఆరాధనకు బయలుదేరే ముందు ఇంటిల్లిపాదికీ ఉడుకు నీళ్ళు కావాలి. అలాంటి ఒక ఉదయం మా అవ్వ స్నానాల గదిలోనుండి బయటికి వచ్చి, "లోపల ఎవరో కంకర దొర్లిస్తున్నట్టుంది నాయనా. నాకు భయమైతాది. నేను సన్నీళ్ళే పోసుకుంటా" అన్నది. మేము నవ్వాము. "గీజరు పాతదైంది, అంతే అవ్వా" అని సరిపెట్టి, ఆ చప్పుడుతోనే రెండు చలికాలాలు గడిపాము. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాము గనుక ఈ నెల ఆ సంగతే రాస్తున్నాము.

అవ్వ చెప్పినది దాదాపు నిజమే. లోపల ఉన్నది కంకర కాదు, సున్నం. మన వైపు బోరు నీళ్ళను ఉప్పునీళ్ళు అంటాము. వాటితో సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు, కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. బండరాళ్ళ నేల పొరల్లో నిలిచిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉండడమే దీనికి కారణం. తాగే నీటిలో ఈ కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుంటే మంచిదనీ, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకోవచ్చుననీ భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు ఇంత కఠినమైనవి కావు. కాలువ ఆగిపోయి మళ్ళీ బోరుకు మళ్ళిన నెలల్లోనే గీజర్లకు కష్టకాలం. ఎమ్మిగనూరు నేతగాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన నాటికే, ఏ నీళ్ళలో రంగు సమంగా పడుతుందో, ఏ నీళ్ళలో పడదో అద్దకం తెలిసిన ప్రతి ఇంటికీ తెలుసు.

నీళ్ళు కాగినప్పుడు ఆ లవణాలలో కొంత భాగం గట్టిపడి, ఎక్కువ వేడి ఉన్నచోట, అంటే కాయిలు మీద, పెంకులా అంటుకుంటుంది. కొంత రాలి అడుగున పేరుకుంటుంది. ఆ పెంకు కింద చిక్కుకున్న నీరు బయటి నీటికంటే ముందే మరిగి ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు పెంకు దాటి చల్లటి నీటిలోకి రాగానే ఒక్కసారిగా నలిగిపోతాయి. ఒక్కొక్క బుడగ ఒక్కొక్క చిటపట. వందలాది బుడగలు కలిస్తే అవ్వ విన్న కంకర చప్పుడు.

మరి చప్పుడే గదా, ఉంటే ఏమి అంటారా? మేమూ అలాగే అనుకున్నాము. కరెంటు గీజరులో వేడి ఎటూ నీళ్ళలోకే పోతుంది గనుక బిల్లు అంతగా పెరగదు. కానీ పెంకు కట్టిన కాయిలు తన వేడిని వదిలించుకోలేక లోలోపల కాలిపోతుంది. పై గొట్టం చిట్లితే కరెంటు నీళ్ళలోకి వస్తుంది. ఎర్తు సరిగా లేని ఇంట్లో తడి కాళ్ళతో కుళాయి పట్టుకున్నవారి గతి ఏమిటో మీరే ఆలోచించండి. మా గీజరు విప్పించినప్పుడు కాయిలు మీద వేలు మందాన పెంకు ఉంది, దాని కింద సన్నటి బీట కనిపించింది. అవ్వ సన్నీళ్ళు పోసుకున్న రోజులు ఆమెకు మేలే చేశాయి.

పల్లెల్లో ఇప్పటికీ పత్తికట్టెతో, బుడ్డల పొట్టుతో కాచే రాగి బాయిలరు సంగతి వేరు. అదీ గుడగుడమంటుంది, దానికీ సున్నం పడుతుంది. అయితే దాని పైభాగం తెరిచే ఉంటుంది గనుక ఆవిరికి దారి ఉంది. అక్కడ సున్నం పేరుకుంటే నష్టం కట్టెలకే. వేడి నీళ్ళకు అందక పొగగొట్టం గుండా పోతుంది.

మూసి ఉన్న గీజరుకు అలాంటి దారి లేదు. దీన్ని మేము ఎమ్మిగనూరులో మా పెద్దక్క ఇంట్లో చూశాము. మా ఇంటి పాఠం అయ్యాక చెవులు కాస్త పదునెక్కాయి గదా, అక్క ఇంట్లోనూ అదే చప్పుడు వినబడితే తల ఎత్తి చూశాము. గీజరు కింద చల్లనీళ్ళ గొట్టం దగ్గర ఉండే సేఫ్టీ వాల్వు మూతికి చెక్క బిరడా కొట్టి, పైన రబ్బరు చుట్టి ఉంది.

"ఇదేందక్కా?"

"కారతా ఉంటే గోడంతా పాడైతాందని కుళాయి పనాయన కట్టేసినాడు తమ్ముడూ. అప్పట్నుంచి ఒక్క చుక్క కారలేదు" అన్నది అక్క సంతోషంగా.

"ముందు స్విచ్చి తీసెయ్యి అక్కా. పిల్లోళ్ళను అటు పోనీయొద్దు."

ఆ వాల్వు కారడం జబ్బు కాదు. 15 లీటర్ల నీరు 20 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు పావు లీటరు మేర ఉబ్బుతుంది. చల్లనీళ్ళ గొట్టంలోకి వెనక్కి పోకుండా వాల్వే అడ్డుకుంటుంది గనుక ఆ నీరు వాల్వు మూతి గుండా చుక్కలు చుక్కలుగా బయటికి రావాలి. దాన్ని మూసేస్తే ఒత్తిడంతా ట్యాంకు మీదే. ఆపైన సున్నం వల్ల థర్మోస్టాట్ వేడిని సరిగా పసిగట్టకపోయినా, దాని వెనుక ఉండే కటౌట్ పనిచేయకపోయినా, నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా అణగి ఉంటుంది. అప్పుడు ట్యాంకు చీలితే అందులో కొంత నీరు ఆ క్షణంలోనే ఆవిరి అవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. చిన్న స్నానాల గదిలో ఆ చోటు ఎక్కడిది?

ఆ పనాయనను తిట్టి లాభం లేదు. కారుతోందంటే ఆపమని అడిగింది మనమే. చేయవలసిన పని, ఆ మూతికి ఒక సన్నని గొట్టం తగిలించి బక్కెట్లోకి వదలడం. నీళ్ళు కాగనప్పుడు కూడా ఆగకుండా కారుతుంటే మాత్రం వాల్వు మార్చాలి.

ఇక శుభ్రం చేయడం గురించి. ఇది కరెంటు పని తెలిసినవారిచేతనే చేయించండి. మెయిను తీసి, నీళ్ళు పూర్తిగా చల్లారాక ఖాళీ చేసి, అడుగు మూత విప్పి కాయిలు బయటికి తీస్తారు. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో కొన్ని గంటలు నానబెడితే పెంకు మెత్తబడి ఊడివస్తుంది. కత్తితో చెక్కవద్దు. బాత్రూము కడిగే ఆసిడ్ అసలే వద్దు, అది సున్నంతోపాటు లోహాన్నీ తింటుంది. అదే సమయంలో మెగ్నీషియం కడ్డీని చూడమనండి. ట్యాంకుకు పట్టవలసిన తుప్పును తనమీద వేసుకుని అరిగిపోయే కడ్డీ అది. పుల్లలా మిగిలితే మార్చాలి. రబ్బరు వాషరు కొత్తది వేయించండి. బోరు నీళ్ళ ఇంట్లో ఏడాదికొకసారి, చలికాలానికి ముందే ఈ పని చేయించడం మంచిది. వేడి 60 డిగ్రీలు దాటకుండా పెట్టుకుంటే సున్నం నెమ్మదిగా పడుతుంది.

స్విచ్చి వేసినప్పుడూ తీసినప్పుడూ వినబడే టిక్కు టిక్కు ఇనుము సాగి ముడుచుకునే చప్పుడు, దానికి కంగారు వద్దు. కుళాయి కట్టగానే గోడలో ధడ్‌మంటే అది గొట్టాల సంగతి, క్లిప్పులు బిగించాలి. జుయ్యిమనే మోతతో కాలిన వాసన వస్తే మాత్రం వెంటనే మెయిను తీసేయండి. గీజరు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. 2,000 వాట్ల గీజరుకు 15 లీటర్లు కాగడానికి సుమారు 20 నిమిషాలు చాలు. బక్కెట్టు నింపుకుని, స్విచ్చి తీసేసిన తర్వాతే పిల్లలను, పెద్దవారిని లోపలికి పంపండి.

అక్క ఇంట్లో ఆ సాయంత్రమే బిరడా తీయించాము. ఇప్పుడు గొట్టం కింద ప్లాస్టిక్ డబ్బా పెట్టింది. రోజూ నిండిన ఆ కాసిని నీళ్ళూ పెరటి కరివేపాకు చెట్టుకు పోస్తోంది. మా అవ్వ మాత్రం కొత్త కాయిలు వేయించాక కూడా, తలుపు దగ్గర నిలబడి ఒక నిమిషం చెవి ఒగ్గి విన్న తర్వాతే లోపలికి వెళుతుంది. మేము నవ్వడం మానుకున్నాము.