బురైదా ఖర్జూరంలో మన చక్కెర

సౌదీలోని కసీం ప్రాంతానికి ముఖ్యపట్టణం బురైదా. ఆగస్టు వచ్చిందంటే అక్కడి ఖర్జూరాల మార్కెట్లో తెల్లవారకముందే పికప్ బండ్లు బారులు తీరతాయి, వేలం పాటలు మొదలవుతాయి. అక్కడ పేరుమోసిన రకం సుక్కరీ.

ఆ పేరు మనకు చుట్టమే. సంస్కృత శర్కర ప్రాకృతంలో సక్కర అయింది. పారశీకంలో షకర్‌గా, అరబ్బీలో సుక్కర్‌గా మారి, ఇటలీ, ఫ్రాన్స్‌ల మీదుగా ఇంగ్లిష్ షుగర్ దాకా వెళ్లింది. ఆ ప్రాకృత రూపం నుంచే తెలుగుకు చక్కెర వచ్చింది. ఇక చింతపండుకు అరబ్బులు పెట్టిన పేరు తమ్ర్ హిందీ, అంటే హిందూదేశపు ఖర్జూరం. 1753లో లిన్నేయస్ చింతచెట్టుకు వాడిన టామరిండస్ అన్న శాస్త్రనామానికి మూలం అదే.

రాకపోకలు ఒకవైపే సాగలేదు. మన రైతు అన్న మాట అరబ్బీలో పుట్టి, పారశీకం, ఉర్దూల మీదుగా మన పొలాల్లోకి దిగింది. ఇప్పుడు కఫీల్ (పూచీ ఉండే యజమాని), ఇకామా (నివాస అనుమతి) లాంటి మాటలు గల్ఫ్ వలసలతో నేరుగా జగిత్యాల, నిజామాబాద్ పల్లెలకు చేరాయి. యజమానిని వదిలి, కాగితాల్లేకుండా బతుకీడుస్తున్నవాణ్ని 'ఖల్లివెల్లి అయిండు' అంటారు. అరబ్బీలో అది 'పోనీ, వదిలెయ్' అనే మాట. ఒక మనిషి కష్టమంతా అందులో ఇమిడిపోయింది.

ఇలాంటివాటిని అన్యదేశ్యాలని ఒక్క ముక్కలో తేల్చేయడం అన్యాయం. ఏ దారిన, ఎవరి నోట వచ్చాయో నిఘంటువుల్లోకి ఎక్కాలి. తెలుగు విశ్వవిద్యాలయం గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కార్మికులను ఇప్పుడే కలిసి, వాళ్ల మాటలను వాళ్ల వాక్యాల్లోనే రాసుకోవాలి.