బండీ, గుర్రమూ

మా నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో మోటారుసైకిలును మోటారుసైకిలు అనేవాళ్ళు తక్కువ. బండి అంటారు. ఒకప్పుడు బండి అంటే ఎడ్లబండే. పెట్రోలు పోస్తే నడిచేదానికి ‘మోటారు’ అనే విశేషణం తగిలించవలసివచ్చేది. ఇప్పుడు విశేషణం ఎడ్లకు పోయి, ఉత్త బండి అన్న పేరు పెట్రోలుకు దక్కింది. తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాణ్ణి గనుక ఇలాంటివి కనబడితే నాకు పండుగే.

పేరు చేతులు మారినా పని మారలేదు సుమండీ! నల్లగొండనుంచి దేవరకొండకో, జడ్చర్లనుంచి కల్వకుర్తికో పోయే రోడ్డు పక్కన ఒక్క గంట నిలబడి చూడండి. మొగుడూ పెళ్ళామూ, మధ్యన ఓ పిల్ల, ట్యాంకుమీద మరొక పిల్లవాడు. ఇంకో బండిమీద రెండు యూరియా బస్తాలు, వాటిమీద ఒక ముసలమ్మ. ఇటూ అటూ పాల క్యాన్లు వేలాడేది ఒకటి. మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని పోయే పెద్దమనిషి ఇంకొకడు. ఎడ్లబండి మోసినవన్నీ ఇదీ మోస్తున్నది, కాస్త తొందరగా.

సినిమావాళ్ళు మాత్రం దీన్ని బండిగా చూడనే లేదు. గుర్రంగా చూశారు.

ఈ పని మొదలుపెట్టింది మనవాళ్ళు కారు లెండి. 1947 జులైలో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని హాలిస్టరు అనే చిన్న ఊరికి మోటారుసైకిళ్ళవాళ్ళు పందాలకని వేలకొద్దీ వచ్చి, తాగి, నానా అల్లరీ చేశారు. ఆ అల్లరిమీద ఒకాయన కథ వ్రాస్తే, ఆ కథ 1953లో ‘ది వైల్డ్ వన్’ అనే చిత్రమైంది. తోలు కోటు వేసుకుని, టోపీ ఓరగా పెట్టి, మార్లన్ బ్రాండో ట్రయంఫ్ బండిమీద కూర్చున్నాడు. ఆ బండ్లను అమెరికాకు తెప్పించి అమ్ముకునే కంపెనీవారు, మా బండికి చెడ్డపేరు తెస్తున్నారని గొడవ చేశారట. అమ్మకాలు పెరుగుతాయని వారికి తోచలేదు కాబోలు! ఇంగ్లండులో సెన్సారువారు 1954లో వద్దుపొమ్మన్న ఆ చిత్రాన్ని 1967లోగాని ఒప్పుకోలేదు. ఏం లాభం? పత్రికల్లో పడే ఫొటోలకు ఆ సెన్సారు లేదు గదా. సినిమా చూడకుండానే వేషం వేసుకోవచ్చు.

వేషం సంగతి అటుంచి విద్య సంగతి చూద్దాం. 1963లో వచ్చిన ‘ది గ్రేట్ ఎస్కేప్’లో ఖైదీ ఒకడు మోటారుసైకిలుమీద ముళ్ళకంచె దూకే ఘట్టం ఇప్పటికీ చెప్పుకుంటారు. కథానాయకుడు స్టీవ్ మెక్వీన్ స్వయంగా గట్టి రౌతు, పందాల్లో తోలినవాడు. అయినా ఆ దూకు దూకింది అతడు కాదు, బడ్ ఎకిన్స్ అనే మిత్రుడు. తోలడం బాగా వచ్చినవాడికే బదులు మనిషిని పెట్టారన్న ముక్క పోస్టరుమీద వెయ్యరు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో నడుస్తుందని మనకొక సామెత ఉంది. వెండితెరమీద మాత్రం రౌతు ఎవరైనా గుర్రం గాలిలోనే నడుస్తుంది.

మన దేశానికి వస్తే తొలిరోజుల్లో ఇంత దౌర్జన్యం లేదు. 1973లో ‘బాబీ’ వచ్చింది. అందులో రిషీకపూర్, డింపుల్ ఎక్కి తిరిగిన చిన్న చక్రాల రాజ్‌దూత్‌కు జనమే బాబీ బండి అని పేరు పెట్టుకున్నారు. అసలు రాజ్‌దూత్ పాలవాళ్ళ బండి. పాలక్యాన్లు దించి పడుచుపిల్లను ఎక్కించిన ఘనత ఆ చిత్రానిదే. 1975లో ‘షోలే’లో తొట్టిబండి. పాట మధ్యలో తొట్టి ఊడిపోయి, మళ్ళీ దానంతట అదే వచ్చి బండిని అతుక్కుంటుంది. పక్కన స్నేహితుడికి చోటుంది చూశారా! 2004లో ‘ధూమ్’ వచ్చాక చోటు మాయమైపోయింది. పదమూడువందల సీసీల సుజుకీ హయబూసాలమీద దొంగలు వంగి పడుకుని పోతారు. మా ఊళ్ళో వంద సీసీల హీరో హోండాలకు కూడా ఆ పేరు స్టిక్కర్లుగా అంటుకుంది, వంగి పడుకోవడమూ అంటుకుంది. 2009లో ‘మగధీర’ కథానాయకుడికి ఈ జన్మలో వృత్తే మోటారుసైకిలు విన్యాసాలు. పూర్వజన్మలో అతడు గుర్రపు రౌతే గనుక అక్కడ పేచీ లేదు.

నాకు వింతగా తోచేది 2018 నాటి ‘ఆర్‌ఎక్స్ 100’. యమహావారి ఆ బండి 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. తొంభయ్యెనిమిది సీసీల టూ స్ట్రోక్ ఇంజను; పెట్రోలుతో పాటు నూనె కాల్చుకుంటూ పొగ వదులుతుంది. ఆ పొగవల్లే ఆ జాతి ఇంజన్లకు ఈ దేశంలో నూకలు చెల్లాయి. దాని పేరే పెట్టుకుని సినిమా వచ్చేసరికి, బండి ఆగిపోయాక పుట్టిన పిల్లలు దానికోసం ఊరూరా వెతకడం మొదలుపెట్టారు. మా తరగతిలో ఒకణ్ణి ఎందుకురా అని అడిగాను. “సౌండు, సార్” అన్నాడు. ప్రబంధాల్లో అశ్వవర్ణన చెప్పేటప్పుడు ఆవులించేవాడు ఆ ధ్వనిని అనుకరించి చూపించాడు, చక్కగా!

ఇక్కడ శ్రీశైలం రోడ్డు సంగతి కూడా చెప్పాలి. శని ఆదివారాల్లో హైదరాబాదునుంచి పెద్ద బండ్ల గుంపులు మన్ననూరు గేటు దాటి నల్లమలలోకి పోతూ వుంటాయి. రాత్రి తొమ్మిదినుంచి తెల్లవారి ఆరుదాకా పులుల అడవిలో దారి మూసేస్తారు గనుక, తెల్లవారుజామునే గేటుదగ్గర కాచుకుని వుంటారు. వాళ్ళకు హెల్మెట్టు, తోలు కోటు, మోకాళ్ళకు కవచాలు, చేతులకు తొడుగులు. దారి పొడుగునా వాళ్ళను చూసే మా కుర్రవాళ్ళు తీసుకున్నదేమిటయ్యా అంటే సైలెన్సరు మోత ఒక్కటే! మోత చేసే సైలెన్సర్లను పోలీసువారు పట్టుకుని, వరుసగా పరచి రోడ్డు రోలరుతో తొక్కించడం మన రాష్ట్రంలో చాలాచోట్ల జరిగింది. అదీ ఫోనుల్లో సినిమా తీసుకున్నారు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని ప్రభుత్వ లెక్క. వారిలో నూటికి నలభైనాలుగు మందికి పైగా రెండు చక్రాల బండ్లవాళ్ళే. అంత పెద్ద అంకె మన బుర్రకెక్కదు. అందుకని ఒక చిన్న రేకును గురించి చెబుతాను.

బండి వెనక చక్రానికి ఎడమవైపున శారీ గార్డు అని ఒకటుంటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం దానికోసమే పుట్టింది. వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి చోటు, బట్టలు చిక్కుకోకుండా చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండి తీరాలని శాసనం. వెనక చీర కట్టుకున్న మనిషి కూర్చుంటుందని ఎరిగినవాళ్ళు వ్రాసిన నియమమది. గుర్రానికి ఇవన్నీ ఎందుకు? కనుక కుర్రవాళ్ళు బండి కొన్న వారంలోపల ముందు ఊడబీకేది శారీ గార్డు, తరువాత పిడి. నేను చూసినంతలో ఏ సినిమా బండికీ ఆ రేకు లేదు. వెనక కూర్చునేది కథానాయిక, ఆమె చీర కట్టదు. తల్లిని ఎక్కించుకుని ఆస్పత్రికి పోయే కథానాయకుణ్ణి నేనింకా చూడవలసే వుంది.

మా కళాశాలలో చదివే పిల్లవాడొకడిది చండూరువైపు పల్లె. రెండెకరాల పత్తి చేను. బండి కొనకముందు తండ్రి నాదగ్గరకు వచ్చాడు. “సారూ, పోరడు బండి గావాలంటుండు. బస్సు లేదా సారూ?” అని అడిగాడు. బస్సు ఉన్నది గాని దాని వేళలు వేరు, మా తరగతుల వేళలు వేరు. కొనమనే అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. పాతబండే కొన్నారు. ఒకనాడు తల్లిని ఎక్కించుకుని నల్లగొండకు వస్తున్నాడు. వేగం ముప్పైకూడా లేదట. స్పీడు బ్రేకరు దగ్గర కొంగు జారి చక్రంలో పడింది. పట్టుకుందామంటే పిడి లేదు. ప్రాణం దక్కింది గాని భుజం విరిగింది; కుడిచెయ్యి పైకి లేవడంలేదు. ఆ చేత్తోనే ఆమె పత్తి ఏరేది.

చూడబోయాను. పిల్లవాడు తలుపు దగ్గర నిలబడి లోపలికి రాలేదు. “బండిదేం తప్పు లేదు సారూ, నా కొంగే పొడుగైంది” అన్నది ఆవిడ. కొంగు పొడుగు కాదమ్మా, రేకు లేదు అన్నాను. రేకు ఒకటి ఉంటుందనే ఆవిడకు తెలియదు.

2021లో ‘బుల్లెట్టు బండి’ పాట వచ్చి, మంచిర్యాలలో ఒక పెళ్ళికూతురు దానికి ఆడిన ఆట దేశమంతా చూసింది. ఆనాటినుంచి మా వైపు పెళ్ళిళ్ళలో ఆ పాట లేనిది అప్పగింతలు కావడంలేదు. మా చిన్నతనంలో బుల్లెట్టు ఎస్సైగారిది, లేకుంటే ఊరి పటేలుది. దాని చప్పుడు వింటే వీధిలో ఆడేవాళ్ళం ఇంట్లో దూరేవాళ్ళం. ఇప్పుడు దాన్ని ఆడపిల్ల పాడుకుంటున్నది, సంతోషం. పాటలోనూ పిల్ల వెనక సీటులోనే ఉన్నదని మా విద్యార్థినులు పట్టుకున్నారు. వాళ్ళలో సగంమంది నకిరేకల్లునుంచి, తిప్పర్తినుంచి స్కూటీలమీద ముఖానికి చున్నీ చుట్టుకుని వచ్చేవాళ్ళే. చదువు మానిపించకుండా నిలబెట్టింది ఆ బండేనని ఒకరిద్దరు తల్లులు నాతో అన్నారు. దానిమీద సినిమా వస్తే మొదటి ఆట టిక్కెట్టు నేను కొంటాను.

ఆ పిల్లవాడు నెలరోజులకు వచ్చి, శారీ గార్డు ఎక్కడ దొరుకుతుంది సార్ అని అడిగాడు. తెలిసిన మెకానికు దగ్గరకు తీసుకుపోయాను. దుకాణం మూలన అవి గుట్టగా పడివున్నాయి, ఎన్ని కంపెనీలవో! పాత ఇనుముకింద అమ్మలేదేమయ్యా అంటే, మెకానికు గుట్టలో ఈ బండికి సరిపోయేదానికోసం వెతుకుతూ చెప్పాడు: “ఎందుకమ్ముత సార్? పెండ్లయినంక మల్ల వాళ్ళే వస్తరు, బిగియ్యుమని.”