చిత్రీకరణకే సొమ్మంతా... విడుదల వేళకు రిక్తహస్తాలు
స్వతంత్ర చిత్రాల లెక్క ఎక్కడ తప్పుతోంది?

విశాఖపట్నం: కంచరపాలెం వీధులను, అక్కడి సామాన్యులను తెరకెక్కించిన ‘కేరాఫ్ కంచరపాలెం’ 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. నాటి నుంచి ఉత్తరాంధ్రలో కెమెరా చేతబట్టిన యువకులకు అదే ఆదర్శం. తారలు లేరు, భారీ సెట్టింగులు లేవు, అయినా జనం ఆదరించారు. కనుక మనమూ తీయగలమన్నది వారి తర్కం. తర్కంలో దోషం లేదు. అయితే ఆ చిత్రం దేనిని పొదుపు చేసిందో గమనించినంతగా, దేనిని పొదుపు చేయలేదో ఎవరూ గమనించడం లేదు. అరెకరం అమ్మిన సొమ్ము, ఇంటి మీద తెచ్చిన అప్పు చిత్రీకరణ చివరి రోజుకే హరించుకుపోతే, ఆ తరువాత సినిమా హార్డ్‌డిస్కులో మూలుగుతుంది. వడ్డీ మాత్రం ఆగదు.

కాలమే పెట్టుబడి

దర్శకుడు వెంకటేశ్ మహా ఎనభైమందికి పైగా స్థానికులతో ఆ చిత్రంలో నటింపజేశారు. అమెరికాలో హృద్రోగ నిపుణురాలైన పరుచూరి ప్రవీణ నిర్మాతగా వ్యవహరించడమే గాక ఒక ముఖ్యపాత్ర ధరించారు. కొత్తవారితో తీస్తే పారితోషికాలు మిగులుతాయన్నది నిజమే. కానీ కెమెరా ముందు ఎన్నడూ నిలబడని మనిషి చేత సహజంగా మాట్లాడించాలంటే ముందుగా తర్ఫీదు కావాలి. ఆ తర్ఫీదు ఇంటి అరుగు మీద ఇస్తే టీ ఖర్చుతో పోతుంది. కెమెరా, లైట్లు అద్దెకు తెచ్చిన తరువాత ఇస్తే ప్రతి టేకుకూ బిల్లు పడుతుంది. కథ, లొకేషన్ల ఎంపిక, రిహార్సల్స్, ఏ సన్నివేశం ఏ రోజున తీయాలన్న పట్టిక... ఇవన్నీ చౌకలో పూర్తయ్యే దశ ఇదొక్కటే. ఔత్సాహికులు తొందరపడి దాటేస్తున్నదీ దీనినే.

పూటకు పూట కరిగే దశ

చిత్రీకరణలో ఖర్చు రోజుల లెక్కన నడుస్తుంది. ఉదాహరణకు ముప్పయిమంది యూనిట్‌కు టిఫిను, రెండు పూటల భోజనం, టీలు కలిపి మనిషికి రోజుకు 400 రూపాయలు అనుకుంటే రోజుకు 12 వేలు, పాతిక రోజులకు 3 లక్షలు. ఇది అన్నం లెక్క మాత్రమే. కెమెరా, లెన్సులు, జనరేటర్, వాహనాలు, బస, బత్తాలు దీనికి అదనం. అన్నీ కలిపి రోజుకు లక్ష అయ్యే చోట ఇరవై రోజుల షెడ్యూలు వానల వల్ల ఇరవై ఏడుకు సాగితే 7 లక్షలు అదనపు భారం. చిత్రీకరణ తరువాత పనులకు దాచిన సొమ్ము ఆ గండిలోనే పోతుంది. మొత్తం అంచనాలో పదోవంతు ఆపద్ధర్మంగా వేరుగా ఉంచాలన్నది చిత్రరంగంలో పాత నియమమే. చిన్న చిత్రాల వారు ముందుగా కొట్టివేసేదీ ఆ పద్దునే.

సత్యజిత్ రే వంటి వారికే ఈ కష్టం తప్పలేదు. 1952లో మొదలైన ‘పథేర్ పాంచాలి’ సొమ్ము లేక పలుమార్లు ఆగి, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకున్న తరువాత గానీ 1955లో తెర చేరలేదు. బీమా పాలసీ తాకట్టు, భార్య నగల తాకట్టు అప్పటివే.

కోడిపందేనికీ అనుమతి

పల్లె కథలు తీసేవారు అసలు పద్దులోనే రాయని ఖర్చులు కొన్ని ఉన్నాయి. ఎడ్లబండి, మేకలమంద, సంక్రాంతి కోడిపందెం కనబడితే జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలి. అదీ చిత్రీకరణకు ముందే. లేనిపక్షంలో సెన్సార్ వద్ద సన్నివేశానికి కత్తెర పడవచ్చు. టీకొట్టు రేడియోలో పాత సినిమా పాట వినిపిస్తే దాని హక్కులు కొనాలి. పొగతాగే దృశ్యముంటే హెచ్చరిక ప్రకటనలు జతపరచాలి. ఒక్కొక్కటి చిన్నదే, కానీ అన్నీ కలిసి చివరి నెలలో మీద పడతాయి.

శబ్దం సంగతి మరీ ముఖ్యం. మసక దృశ్యాన్ని ప్రేక్షకుడు సహిస్తాడు, వినబడని మాటను సహించడు. ‘కేరాఫ్ కంచరపాలెం’లో సంభాషణలను చిత్రీకరణ వేళే ముద్రించే సింక్ సౌండ్ పద్ధతిని ఎంచుకున్నారు. డబ్బింగ్ థియేటర్‌లో తెర చూస్తూ పెదవులకు మాట కలపడం అనుభవం లేనివారికి దుస్సాధ్యం కనుక ఆ నిర్ణయం సబబైనది. ఆ ఖర్చు ముందు దశకు మారిందే తప్ప మాయం కాలేదు. ఎడిటింగ్, నేపథ్య సంగీతం, రంగుల దిద్దుబాటు, మిక్సింగ్ ఎటూ తప్పవు.

సొమ్ము ఎవరిది?

చందాల మార్గం కొత్తది కాదు. 1976లో శ్యామ్ బెనగళ్ ‘మంథన్’కు గుజరాత్ పాడి రైతులు 5 లక్షలమంది తలా 2 రూపాయలిచ్చి 10 లక్షలు సమకూర్చారు. కన్నడంలో పవన్ కుమార్ 2013 నాటి ‘లూసియా’కు ప్రేక్షకుల నుంచే సుమారు 50 లక్షలు సేకరించారు. ఇందులోని మేలేమిటంటే నష్టమొస్తే పదిమందీ పంచుకుంటారు, ఒక్క కుటుంబం వీధిన పడదు. లెక్కలు రాతపూర్వకంగా చూపవలసిరావడం మరో మేలు. మన ప్రాంతంలో స్నేహితుల మధ్య నోటిమాట పెట్టుబడులే ఎక్కువ, తగవులూ అక్కడే.

హాలు దొరికాక మొదలయ్యే ఖర్చు

‘కేరాఫ్ కంచరపాలెం’ విడుదలకు ముందే న్యూయార్క్ భారతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. దగ్గుబాటి రానా సమర్పకుడిగా ముందుకు వచ్చారు, సురేశ్ ప్రొడక్షన్స్ పంపిణీ బాధ్యత తీసుకుంది. ఆ అండ అందరికీ లభించదు. లేనివారు థియేటర్‌కు వారం అద్దె, డిజిటల్ ప్రదర్శన సంస్థలకు రుసుము, పోస్టర్లు, ప్రచారం సొంతంగా భరించాలి. ఈ డిజిటల్ రుసుముల మీదనే 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు కొత్త చిత్రాల విడుదల నిలిపివేశారంటే భారం అర్థమవుతుంది. ఓటీటీ కొంటుందిలే అన్న భరోసాతో విడుదల పద్దును ఖాళీగా వదలడం జూదమే. మహా రెండో చిత్రం ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ 2020లో నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది గానీ, అప్పటికి ఆయన పేరు అందరికీ తెలుసు.

చేతిలో 40 లక్షలుంటే 40 లక్షల సినిమా తీయరాదు. చిత్రీకరణ దశ వరకు సగంతో ముగిసే కథను ఎంచుకోవాలి. తొలివారం అద్దె, రుసుములు, పోస్టర్ల సొమ్మును మొదటి క్లాప్ కొట్టకముందే వేరే ఖాతాలో వేసి, సంతకం దర్శకుడి చేతిలో కాక ఇంకొకరి చేతిలో పెట్టాలి.