ల్యాప్‌టాప్ సరే... ఆ నాలుగు వేలూ కట్టాలా?

పోయిన ఆదివారం కంచం ముందు కూర్చున్నానో లేదో, మా మేనమామ కొడుకు ఫోన్. ఈ ఏడాదే బీటెక్‌లో చేరాడు.

"బావా, షోరూమ్‌లో ఉన్నా. ల్యాప్‌టాప్ ఓకే అయింది, 38 వేలు. ఇంకో 4 వేలు కడితే మూడేళ్లు టెన్షనే ఉండదంటున్నాడు. కట్టేయనా? త్వరగా చెప్పు, వెనక జనం ఉన్నారు."

ఆ 38 వేలు మామయ్య చీటీ పాడి తెచ్చిన డబ్బు. అందుకే ఒక్క ముక్కలో చెప్పేయలేకపోయా. "ఇప్పటికి ల్యాప్‌టాప్‌కే బిల్లు కొట్టించు. మిగతాది సాయంత్రం చూద్దాం" అన్నా.

"ఇప్పుడు కాకపోతే మళ్లీ రాదంట బావా!"

చాలామంది పడిపోయేది ఈ మాటకే. పెద్ద బ్రాండ్లలో చాలావరకు, మొదటి వారంటీ నడుస్తున్నప్పుడు కూడా తమ సైట్‌లో ప్లాన్లు అమ్ముతాయి. సీరియల్ నంబర్ కొడితే మీ మెషీన్‌కి ఏ ప్లాన్ ఉందో, ఎంతో కనిపిస్తుంది. ప్రమాదాలకు వర్తించే ప్లాన్‌కి మాత్రం గడువు తక్కువ ఉండొచ్చు, కాబట్టి మొదటి వారంలోనే చూసుకోండి. ఏదేమైనా, కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో తేల్చాల్సిన విషయమైతే కాదు.

సాయంత్రం ఇద్దరం ఫోన్లో కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకున్నాం.

ఎన్నేళ్లకి? ఎవరు ఇస్తున్నారు?

'మూడేళ్లు' అన్నదాంట్లో మొదటి ఏడాది కంపెనీ ఎలాగూ ఇస్తున్నదే. అంటే 4 వేలు కట్టేది రెండేళ్లకే. పైగా షాపులో అమ్మే ప్లాన్ చాలాసార్లు ల్యాప్‌టాప్ కంపెనీది కాదు, మధ్యలో ఇంకో సంస్థది. రిపేరు వాళ్ల టెక్నీషియన్ చేతికి వెళ్తుంది. బాగు చేయలేకపోతే కొన్న ధర మొత్తం ఇస్తారా, ఏడాదికింత అని తగ్గించి ఇస్తారా అన్నది షరతుల్లోనే ఉంటుంది. అడగాల్సింది అదే.

దేనికి వర్తిస్తుంది?

మామూలు ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే తయారీ లోపాలకే. టీ ఒలికినా, మంచం మీంచి పడినా, బ్యాగులో నలిగి స్క్రీన్ పగిలినా వర్తించదు. బ్యాటరీకి చాలా ప్లాన్లలో ఏడాదే. హాస్టల్లో ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా పోయేది ఎలాగో మీకు నేను చెప్పాలా?

ఈ పాఠం నాకు డబ్బులు కట్టాకే వచ్చింది. నా పాత ల్యాప్‌టాప్‌కి ఇలాంటి ప్లానే తీసుకున్నా. రెండో ఏడాది మూత దగ్గర హింజ్ విరిగింది. సర్వీస్ సెంటర్‌లో చూసి "ఇది ఫిజికల్ డ్యామేజ్ సార్, కవర్ కాదు" అన్నారు. ఇంటికొచ్చి కాగితం తీస్తే నిజంగానే అలా రాసుంది. నేనే చదవలేదు. చివరికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీకి తీసుకెళ్లి, జేబులోంచి 1,800 పెట్టి బాగు చేయించుకున్నా.

లెక్క కుదురుతుందా?

బడ్జెట్ ల్యాప్‌టాప్‌లో బాగా ఖర్చయ్యే రిపేరు మదర్‌బోర్డు. అది 12 వేలు అవుతుందనుకుందాం. ప్లాన్ 4 వేలు. అంటే ఇలాంటివి కొన్న ముగ్గురిలో ఒకరికి ఆ రెండేళ్లలో బోర్డు పోతేనే కట్టిన డబ్బుకి సరిపోతుంది. అంత ఎక్కువ పోతాయంటారా? ఎలక్ట్రానిక్ వస్తువుల్లో తయారీ లోపాలు చాలావరకు మొదట్లోనే బయటపడతాయి. ఆ తర్వాత కొన్నాళ్లు ప్రశాంతంగా నడిచి, పాతబడ్డాక మళ్లీ మొరాయిస్తాయి. ఇంజినీర్లు దీన్ని 'బాత్‌టబ్ కర్వ్' అంటారు. మొదటి భాగం ఫ్రీ వారంటీలోనే పోతుంది. మనకి అమ్ముతున్నది ఎక్కువగా ఆ మధ్యలో ప్రశాంతంగా ఉండే కాలాన్ని.

అలాగని అందరికీ వద్దని చెప్పను. ఉన్నది అదొక్కటే మెషీన్, దాని మీదే చదువో ఉద్యోగమో నడుస్తోంది, పోతే ఒకేసారి 12 వేలు సర్దే దారి లేదు, మీ ఊళ్లో మంచి రిపేరు షాపూ లేదు... ఇలాంటప్పుడు లెక్కలో కొంచెం నష్టమైనా ప్లాన్ తీసుకోవడం తప్పు కాదు. కాకపోతే కంపెనీ సొంత ప్లానే తీసుకోండి. వీలైతే ప్రమాదాలకు వర్తించేది, ఇంటికొచ్చి చేసేది చూడండి. నా మటుకు నేను, ధర ల్యాప్‌టాప్ ఖరీదులో పదో వంతు దాటితే వదిలేస్తా.

తీసుకున్నా తీసుకోకపోయినా రెండు పనులు చేయండి. బిల్లు, సీరియల్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి. కంపెనీ సైట్‌లో వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. కొన్నిసార్లు షాపుకి సరుకు వచ్చిన తేదీ పడుతుంది, బిల్లు పంపి మార్పించుకోవచ్చు. ప్లాన్ ఉండి కూడా తిప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వాటికి ఫిర్యాదు ఫీజు కూడా లేదు.

ఇంతకీ మావాడు ఏం చేశాడంటే... హాస్టల్లో రూముకి నలుగురు. అందుకని కంపెనీ సైట్‌లో ఏడాది ప్రమాద కవర్ ఒక్కటే తీసుకున్నాడు, 1,500 అయింది. మిగిలిన 2,500 అత్తయ్య చేతికిచ్చి "ఇది ల్యాప్‌టాప్ రిపేరు డబ్బు, ముట్టుకోవద్దు" అన్నాడట.

"మూడేళ్లు ఏమీ కాకపోతే?" అని అత్తయ్య అడిగిందట.

"అప్పుడు ఆ డబ్బు మనదేగా అమ్మా" అన్నాడట. షోరూమ్‌లో కట్టుంటే ఆ మాట అనగలిగేవాడు కాదు.