అమ్మేముందే చెప్పాలి

గ్యాసు బండ అయిపోయిన రోజున ఆదుకుంటుందన్న ఆశతో పల్లెల్లో సైతం ఇండక్షన్ పొయ్యి కొంటున్నారు. కోనరావుపేట మండలంలోని ఒక ఇల్లాలు బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్ముతో సిరిసిల్లకో, వేములవాడకో వెళ్లి దానిని తెచ్చుకున్నదనుకుందాం. ఇంట్లోని సిల్వర్ గిన్నె పెడితే వేడెక్కదు. పొయ్యి చెడిపోయిందనుకుని మళ్లీ బస్సెక్కి దుకాణానికి వెళ్తే, "ఆ గిన్నె దీనికి పనికిరాదమ్మా" అన్న జవాబు వస్తుంది. ఆ మాట డబ్బు తీసుకోకముందే ఎందుకు చెప్పలేదన్నదే ప్రశ్న.

ఇందులో యంత్రం తప్పేమీ లేదు. ఈ పొయ్యిలో మంట ఉండదు. పలక కింద ఉన్న తీగచుట్ట అయస్కాంత శక్తిని పుట్టిస్తే, ఆ శక్తి గిన్నె అడుగును వేడి చేస్తుంది. కనుక అయస్కాంతం అంటుకునే ఇనుప, స్టీలు గిన్నెలే కావాలి. స్టీలు గిన్నెల్లోనూ అన్నీ పనికిరావు. సిల్వర్ అని పిలుచుకునే అల్యూమినియం, ఇత్తడి, రాగి, మట్టి పాత్రలు మామూలు ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కవు. అడుగు చదునుగా ఉండాలి. గుండ్రటి సర్వలో సర్వపిండి చేసుకునే ఇంట్లో, రొట్టెను మంట మీద కాల్చుకునే ఇంట్లో పాత పొయ్యితో పని తీరిపోదు.

రెండవది వైరింగు సంగతి. 2000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫ్యానుకూ, టీవీకీ పెట్టిన 6 ఆంపియర్ల ప్లగ్గు ఆ భారాన్ని మోయలేదు. వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉంది. 16 ఆంపియర్ల ప్లగ్గు, తగినంత మందం గల వైరు, ఎర్తింగు తప్పనిసరి. ఈ ఖర్చు పొయ్యి ధరలో కలిసి ఉండదు. ఇక కరెంటు పోతే పొయ్యి ఆరినట్లేనని వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది బిల్లు. 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ హద్దు దాటితే ఆ నెల వాడకం మొత్తానికీ బిల్లు కట్టాలి. గంటకు యూనిటున్నర చొప్పున రోజుకు రెండు గంటలు వండితే నెలకు 90 యూనిట్లవుతాయి. ఇప్పటికే 120 యూనిట్లు వాడుతున్న ఇల్లు ఈ పొయ్యితో 210కి చేరుతుంది. "కరెంటు ఉచితమే కదా, గ్యాసు ఖర్చు మిగులుతుంది" అని చెప్పి అమ్మడం అటువంటి కుటుంబాన్ని నష్టపరచడమే అవుతుంది.

ఇవన్నీ చెబితే బేరం పోతుందని వ్యాపారి భయపడవచ్చు. కాని కొన్న వారం లోపే తిరిగివచ్చే పెట్టె వల్ల పోయే మాట ఒక్క బేరంతో పోయేది కాదు. పల్లెల్లో ఒకరి అనుభవం పదిళ్లకు చేరుతుంది. ఇంట్లో వాడే గిన్నెను వెంట తెచ్చుకోమని ముందుగా చెప్పి, దానిలోనే నీళ్లు కాచి చూపితే వాదనకే తావుండదు. దుకాణంలో ఒక అయస్కాంతం ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు ఎంత?

చట్టం కూడా కొనేవారి పక్షాన ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు గురించి తప్పుదారి పట్టించే మాటలనూ, బిల్లు ఇవ్వకపోవడాన్నీ అనుచిత వ్యాపార పద్ధతులుగా పరిగణిస్తుంది. కొనేవారు బిల్లు అడిగి తీసుకోవాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.

ఈ ప్రాంతానికి మరొక వెసులుబాటు ఉంది. 1970లో ఏర్పడిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం వినియోగదారులే సభ్యులుగా నడుస్తున్న సంస్థ. ప్లగ్గు, వైరు, 200 యూనిట్ల లెక్క గురించి నాలుగు మాటలు తన సభ్యులకు తెలియజెప్పడం "సెస్"కు కష్టమేమీ కాదు. అయితే మొదటి బాధ్యత మాత్రం అమ్మేవారిదే. పొయ్యి ఏం చేయగలదో చెప్పే నోటితోనే ఏం చేయలేదో కూడా చెప్పాలి.