లక్షల బ్యాగు సరే, మన యాడి కుట్టుకు ధర ఎంత?



మా హాస్టల్లో కొన్ని రోజుల సంది ఒకటే ముచ్చట. చదువు అయిపోయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన మా సీనియర్ అక్క ఒకామె పెద్ద బ్రాండ్ హ్యాండ్‌బ్యాగు ఈఎంఐ మీద తీసుకుంటా అన్నది. "ఆమె పైసలు, ఆమె ఇష్టం" అని సగం మంది. "తండా నుంచి వచ్చి గిదేం షోకు" అని సగం మంది. మనోహరాబాద్ చుట్టుపక్కల తండాల నుంచి వచ్చి చదువుకుంటున్న మేము నలుగురం కూర్చొని లెక్క వేసుకున్నం. మాకు అనిపించింది ఇక్కడ రాస్తున్నం.

మొదటి మాట, ఆ అక్కను తిట్టకండి. మన అన్నలు ఖరీదైన ఫోను కిస్తీల మీద తెచ్చుకుంటే ఎవరూ అడగరు. ఆడపిల్ల బ్యాగు అనంగనే అందరికీ పొదుపు యాదికొస్తది. ఆమెకు ఆ బ్యాగు ఎందుకు కావాల్నో మనకు తెల్వదా? కాలేజీలో, ఆఫీసులో మన ముఖం కన్నా ముందు మన చెప్పులు, మన సంచి చూసేవాళ్లు ఉన్నరు. అది చేతిలో ఉంటే ఆ చూపు మారుతదని ఆశ. ఆ ఆశ తప్పు కాదు. కానీ దానికి అంత ధర పెట్టాల్నా అన్నది వేరే ప్రశ్న.

ఏ బ్యాగు ధరలోనైనా నాలుగు భాగాలుంటయి. సరుకు, చేతిపని, అంగడి ఖర్చు, పేరు. మామూలు బ్యాగులో సరుకు, పని ఎక్కువ. డిజైనర్ బ్యాగులో పేరే ఎక్కువ. ఇది మేము కడుపుమంటతో చెప్పే మాట కాదు, ఇటలీ కోర్టు కాగితాల్లో బయటపడ్డ లెక్క.

2024 జూన్‌లో మిలాన్ కోర్టు డియోర్‌కు చెందిన ఒక తయారీ కంపెనీని ఏడాది పాటు కోర్టు పర్యవేక్షణ కింద పెట్టింది. కాంట్రాక్టు తీసుకున్న చిన్న వర్క్‌షాపుల్లో కార్మికులు పని చేసే చోటనే పడుకుంటున్నరని, పని తొందరగా కావాలని మిషన్లకు ఉండే రక్షణ పరికరాలు తీసేసిండ్రని అందులో తేలింది. డియోర్ ఒక బ్యాగు కుట్టించినందుకు సరఫరాదారుకు ఇచ్చింది 53 యూరోలు. షాపులో అదే బ్యాగు 2,600 యూరోలు. అప్పటి రేటుకు మన రూపాయల్లో చూస్తే కుట్టుకు దాదాపు 4,800, అమ్మకానికి రెండు లక్షల ముప్పై వేలు. తోలు, మిగతా సామాను ఖర్చు ఆ 53 లో లేదు, అది న్యాయంగా చెప్పాలె. అయినా కొనేవాళ్లు ఇచ్చే ప్రతి వంద రూపాయల్లో కుట్టుపనికి పోయింది రెండు రూపాయలు. అదే ఏడాది ఏప్రిల్‌లో అర్మానీ కంపెనీ ఒకదాని మీద కూడా ఇట్లాంటి ఉత్తర్వే వచ్చింది. కంపెనీలు పర్యవేక్షణ పెంచుకున్నంక 2025 ఫిబ్రవరిలో రెండింటి మీదా కోర్టు ఆ ఉత్తర్వులు గడువుకు ముందే ఎత్తేసింది.

అన్ని ఖరీదు బ్యాగులూ ఇంతే అనలేం. హెర్మెస్ లాంటి కంపెనీలో ఒక బ్యాగును మొదటి నుంచి చివరిదాకా ఒకే పనిమనిషి చేత్తో కుడతరు. మంచి తోలు, గట్టి కుట్టు ఉన్న బ్యాగు ఏండ్ల తరబడి ఆగుతది, తెగితే బాగు చేసిస్తరు. ఆ పనికి ఎక్కువ ఇవ్వడం న్యాయమే. కానీ ధర ఎక్కువ ఉన్నంత మాత్రాన పనికి ఎక్కువ ముట్టిందని అనుకోవద్దు. ధర చూస్తే ఆ సంగతి తెల్వదు, అడిగి తెలుసుకోవాలె.

ఇంకో లెక్క. మన కాలేజీ హాస్టళ్లలో మెస్ ఛార్జీ 2024లో పెంచినంక నెలకు 2,100 రూపాయలు. ఆ రెండు లక్షల ముప్పై వేలతో ఒక పిల్ల తొమ్మిదేండ్లు హాస్టల్లో అన్నం తినొచ్చు. ఇంటర్, డిగ్రీ, పీజీ అయినంక కూడా ఇంకా మిగులుతయి. ఇది తెలిసి కొంటే కొనండి, మీ ఇష్టం. కిస్తీల మీద మాత్రం వద్దు. మొదటి జీతం మీద ఇంట్లో ఎంతమంది కండ్లు ఉంటయో మనందరికీ ఎరుకే. తమ్ముని ఫీజు ఆపి బ్రాండు పేరుకు కిస్తీ కట్టే పరిస్థితి తెచ్చుకోవద్దు. "ఫస్ట్ కాపీ" మూడు వేలకు దొరుకుతది అనేవాళ్లూ ఉన్నరు. అది ఇంకా నష్టం. సరుకు గట్టిది కాదు, పేరు మనది కాదు, ఎవరన్నా గుర్తుపడతరేమో అన్న భయం ఒక్కటే మనకు మిగులుతది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఈ పోస్టు రాసింది అసలు దీనికోసమే.

మన అవ్వల ఫేటియా, కాంచళి, టుక్రి చూడండి. అద్దాలు, గవ్వలు, రంగు దారాలు, ఒక్కో కుట్టుకు ఒక్కో పేరు. ఆ పాత బట్టలను కొనేవాళ్లు తండాలకు వచ్చి ఎంతో కొంత చేతిల పెట్టి పట్టుకపోతరు. అవే ముక్కలు కోసి సంచులకు అతికిస్తే "బంజారా బ్యాగు" అయితయి. పేరు మనదే, కుట్టు మనదే, ధర పెట్టేది మాత్రం వేరేవాళ్లు.

మన యాడి ఒక సంచి ముందు భాగం నిండా పని పెట్టడానికి పన్నెండు రోజులు పట్టిందనుకుందాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ రోజుకు 307 రూపాయలు. పన్నెండు రోజులకు 3,684. దారం, అద్దాలు, గవ్వలు, లోపలి బట్ట, జిప్పు వేరే. అంటే మట్టి పని కూలీ కట్టినా ఆ సంచి నాలుగు వేలకు తక్కువ కాదు. ఇంత నైపుణ్యానికి మట్టి పని కూలీయే కట్టడం కూడా తక్కువే. మరి క్లాసులో ఎవరన్నా "మీ అమ్మతో నాకొకటి కుట్టించవా" అంటే మనం ఏమంటం? "తెస్తలే, పైసలెందుకు" అంటం. రెండు లక్షల బ్యాగును ఆశగా చూసే మనమే ఇంట్లో పన్నెండు రోజుల పనిని పుణ్యానికి ఇచ్చేస్తున్నం.

పేరు గట్టిగా చెప్తే ఏమైతదో కొల్హాపురి చెప్పుల సంగతిలో చూసినం. 2025 జూన్‌లో ప్రాడా మిలాన్ షోలో అచ్చం అట్లాంటి చెప్పులే పెట్టి, అవి ఎక్కడివో చెప్పలేదు. ఆ చెప్పులకు 2019 నుంచి జీఐ గుర్తింపు ఉన్నది. మహారాష్ట్రలో పనివాళ్లు, వ్యాపారులు అడిగేసరికి, భారతీయ చేతిపని నుంచే తీసుకున్నమని ప్రాడా ఒప్పుకోక తప్పలేదు. మనవాళ్ల దగ్గరికే వస్తే, కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు లంబాణీ కుట్టుకు కూడా జీఐ ఉన్నది. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకు ఎక్కింది. అక్కడ ఒక సంఘం కింద పని నేర్చుకొని కుడుతున్నరు. అది మనతోని కూడా అయితది.

హైదరాబాద్‌లో డిజైనర్ బొటిక్‌లు ఎక్కువున్న చోటు పేరు బంజారాహిల్స్. ఆ గుట్టల మీద మన బంజారాలు ఉన్నందుకే ఆ పేరు. అక్కడి అద్దాల్లో పెట్టిన బ్యాగు చూసి మనం చిన్నబోవాల్సిన పని లేదు.

మనోహరాబాద్, కాళ్లకల్ కంపెనీల్లో ప్యాకింగ్ పనికి పోయే మన అక్కలకు, వదినలకు ఈ ముచ్చట ఎవరూ కొత్తగా చెప్పక్కరలేదు. డబ్బా మీద ఎంత ధర ముద్రిస్తరో, చేతికి ఎంత కూలీ వస్తదో వాళ్లకు రోజూ కండ్ల ముందే ఉంటది.

అందుకే మేము అడిగేది మూడే. ఒకటి, ఏది కొన్నా పనికి ఎంత, పేరుకు ఎంత అని ఒక్కసారి లెక్క వేయండి. రెండు, ఇంట్లో ఉన్న పాత ఫేటియా ఏ ధరకూ కోతకు ఇవ్వకండి. ఆ కుట్లు నేర్చుకోవడానికి మనకు మిగిలిన పుస్తకం అదే. మూడు, ఈసారి సెలవులకు పోయినప్పుడు యాడి పక్కన కూర్చొని ఒక సంచికి ఎన్ని రోజులు పడుతదో రాసుకొని రండి. ఎవరన్నా అడిగితే ఆ లెక్క ప్రకారం ధర చెప్పండి, సిగ్గుపడకుండా చెప్పండి. వాళ్లు కొంటరా కొనరా అన్నది వాళ్ల ఇష్టం. ధర చెప్పడం మాత్రం మన పని.

జై సేవాలాల్. జోహార్.