ముఖం చూడని స్నేహితులు

2014 నవంబరులో నార్వే రాజధాని ఓస్లోలో మాట్స్ స్టీన్ అనే పాతికేళ్ల యువకుడు కన్నుమూశాడు. పుట్టుకతో వచ్చిన డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనే కండరాల వ్యాధి అతన్ని చిన్నతనంలోనే చక్రాల కుర్చీకి పరిమితం చేసింది. చివరి ఏళ్లలో వేళ్లు మాత్రమే కాస్త కదిలేవి. కొడుకు పోయిన దుఃఖం ఒకటైతే, స్నేహమంటే ఏమిటో ఎరుగకుండానే పోయాడే అన్న బాధ ఆ తల్లిదండ్రులను మరింత కుంగదీసింది. రాత్రింబవళ్లు కంప్యూటర్ ముందు కూర్చొని ఆటలాడుతూనే జీవితం గడిపేశాడని వారనుకున్నారు.

మాట్స్ తన అనుభవాలను ఇంటర్నెట్‌లో రాసుకునేవాడు. దాని పాస్‌వర్డ్ ఇంట్లోవారి దగ్గర ఉంది. చదివేవారెవరైనా ఉంటే తెలియాలి కదా అని తండ్రి రాబర్ట్ అక్కడే మరణవార్త రాసి, తన ఈమెయిల్ చిరునామా ఇచ్చాడు. ఉత్తరాలు రావడం మొదలైంది. ఒకటి కాదు, రెండు కాదు. వేర్వేరు దేశాలవారు, మాట్స్ తమకెంతటి ఆప్తుడో పేజీలకు పేజీలు రాశారు. అంత్యక్రియలకు నెదర్లాండ్స్ సహా పలు దేశాల నుండి ప్రయాణం చేసి వచ్చారు. ఆ రోజు వరకు వారిలో ఒక్కరూ అతన్ని ఎదురుగా చూసినవారు కారు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో ‘స్టార్‌లైట్’ అనే చిన్న బృందం వారిది. సుమారు ముప్ఫై మంది. అక్కడ మాట్స్ పేరు ఇబెలిన్. కుర్చీలోంచి లేవలేని ఆ కుర్రవాడు ఆ లోకంలోకి వెళ్లగానే ముందు అరగంట పరుగు తీసేవాడట. ఈ సంగతి చదివిన రోజు మేము పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాం. 2024లో ఈ కథ ‘ద రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఇబెలిన్’ పేరుతో డాక్యుమెంటరీగా వచ్చి, సన్‌డాన్స్ చిత్రోత్సవంలో బహుమతులందుకుంది. చాలామంది కన్నీళ్లతో చూశారు. అయితే మనల్ని ఆలోచింపజేయవలసింది కన్నీళ్లు కాదు, అతను అక్కడ చేసిన పని.

నెదర్లాండ్స్‌లో ఒక అమ్మాయికి చదువు దెబ్బతింటోందని తల్లిదండ్రులు కంప్యూటర్ లాగేసుకున్నారు. ఆమె కుమిలిపోతోందని గ్రహించిన మాట్స్ ఆ తల్లిదండ్రులకే ఉత్తరం రాశాడు, పిల్ల మనసు వారికి అర్థమయ్యేలా. డెన్మార్క్‌లో ఒక తల్లికి ఆటిజం ఉన్న కొడుకు. అతన్ని దగ్గరకు తీసుకునే దారి ఆమెకు దొరకలేదు. ఆటలోనైనా కొడుకును హత్తుకోమని సలహా ఇచ్చినవాడు మాట్సే. ఇవి సంఘకాపరులు చేయవలసిన పనులు. తన చేయి తాను ఎత్తుకోలేని ఒకడు వాటిని చేశాడు.

అతన్ని పరిశుద్ధుణ్ణి చేసి చూపించడం మా ఉద్దేశం కాదు. తన వ్యాధి సంగతి చాలాకాలం వారికి దాచాడు. బృందమంతా ఏటా ఒకచోట కలుసుకుంటుంటే సాకులు చెప్పి తప్పుకునేవాడు. లోపలి బాధ కోపమై మిత్రులను గాయపరచిన రోజులూ ఉన్నాయి. చివరికి నిజం రాశాడు. వారు విడిచిపెట్టలేదు, మరింత దగ్గరయ్యారు. దాపరికం పోయిన చోటే సహవాసం మొదలవుతుందన్న సంగతి మన ఆదివారపు ఆరాధనలకు వచ్చేవారందరికీ తెలుసునా? కొత్త బట్టలు, పలకరింపు, ‘ప్రైజ్ ద లార్డ్’, ఆపైన ఎవరి ఇంటికి వారు.

మన యవ్వనస్థుల సంగతికి వద్దాం. 2025 జూన్ 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. 13 నుండి 29 ఏళ్లవారిలో ఇది 17 నుండి 21 శాతం. ఒంటరితనం కారణంగా ఏటా 8,71,000 మరణాలు సంభవిస్తున్నాయని ఆ సంస్థ అంచనా. మన పిల్లలు చుట్టూ ఇంతమంది ఉండగా ఒంటరివారా అని పెద్దలు ఆశ్చర్యపోతారు. ఊళ్లో తనలాంటివాడు ఒక్కడూ లేని కుర్రవాడికి, అరుదైన జబ్బుతో బతికే అమ్మాయికి, నలుగురూ నవ్వే ఆసక్తి ఏదో ఉన్నవాడికి, ఎక్కడో ఉన్న ముప్ఫై మందే తనవాళ్లు. నిజానికి మన మందిరాల్లో ఎన్నింటికి మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపు ఉంది? మాట్స్ మన ఊళ్లో పుట్టి ఉంటే ఎవరు లోపలికి మోసుకొచ్చేవారు?

ఆ తలుపులోంచే దొంగలూ వస్తారు, కాదనడం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లు కూల్చాయో చూశాం. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం వాటిని నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని సామాజిక ఆటలను ప్రోత్సహించాలంది. ప్రభుత్వం చూసిన ఆ తేడా ప్రసంగ వేదికల మీద మాకు కనబడలేదు. అన్నింటినీ ఒకే గాటన కట్టి గద్దించాం.

అపొస్తలుడైన పౌలు కొలొస్సయిలోని విశ్వాసులను కళ్లారా చూడలేదు. తన ముఖం చూడనివారి కోసం తానెంత పోరాడుతున్నాడో ఆ పత్రిక రెండవ అధ్యాయంలో తానే చెప్పుకున్నాడు. ఆ ప్రేమ అబద్ధమని ఎవరనగలరు? మరోవైపు, వృద్ధుడైన యోహాను తన రెండవ పత్రిక చివర సిరాకూ కాగితానికీ ఒక హద్దు గీశాడు. మనం ‘ముఖాముఖి’ అని చదివే మాటకు గ్రీకు మూలంలో అక్షరాలా ‘నోటికి నోరు’ అని ఉంది. సంతోషం పరిపూర్ణం కావడానికి అది కావాలన్నాడు. స్టార్‌లైట్ మిత్రులు మాట్స్‌ను రాత్రివేళ మంచం మీద ఒత్తిగిలించలేరు, గొంతులో నీళ్లు పోయలేరు. ఆ పని తల్లిదండ్రులు, సహాయకులు చేశారు. కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ణి ఇంటికప్పు విప్పి దించడానికి నలుగురి చేతులు అవసరమయ్యాయి. ఆ నలుగురిలో కొందరు దూరదేశంలో ఉంటే, మిగతావారు వీధి చివరన ఉండాలి. వీధి చివరన ఉన్నది మనం.

2020 లాక్‌డౌన్‌లో మా సంఘంలోని ఒక తల్లి మాకు ఫోన్ చేసింది. డిగ్రీ చదివే కొడుకు అర్ధరాత్రి దాకా ఫోన్‌లో ఎవరితోనో ఆడుతూ, మాట్లాడుతూ ఉంటున్నాడని ఏడ్చింది. మేము ప్రార్థన చేసి, ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేయమ్మా అని చెప్పాం. ఆమె అలాగే చేసింది. అబ్బాయి ఎవరితో మాట్లాడుతున్నాడని ఆమె అడగలేదు, మేమూ అడగలేదు. తరువాత అతను మమ్మల్ని చూస్తే పక్కకు తప్పుకునేవాడు. వయసు అలాంటిదనుకున్నాం.

ఇప్పుడు అతను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన క్రిస్మస్‌కు ఇంటికొచ్చినప్పుడు మాట్స్ కథ అతనికి చెప్పి, ఆనాడు నువ్వు మాట్లాడింది ఎవరితో బాబూ అని అడిగాం. చాలాసేపు చెప్పలేదు. నాగపూర్ కుర్రాడట. ఆ వారంలో అతని తండ్రి కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంట్లో అతనొక్కడే ఉండి, రాత్రిళ్లు భయమేస్తోందని మావాడితో మాట్లాడుతుండేవాడు. తాళం పడ్డాక మాటలు ఆగిపోయాయి. తండ్రి పోయిన సంగతి మావాడికి నెలన్నర తరువాత తెలిసింది.

“నీ మీద కోపగించుకున్నాడా?” అన్నాం.

“లేదు అయ్యగారూ. నాకేమైందోనని భయపడ్డాడట.”

ఆ స్నేహితుడి పేరడిగాం. ముందు ఆటలోని పేరు చెప్పాడు. కాసేపాగి అసలు పేరు చెప్పాడు. మా ప్రార్థన పుస్తకంలో రెండూ రాసుకున్నాం.